మా అమ్మానాన్నలు తిరిగొస్తారని ఏ కాగితం చూపిస్తే నమ్ముతారు?

జర్మనీ విదేశాంగ శాఖకీ, బ్రస్సెల్స్‌లో షెంగెన్ వీసా నిబంధనలు చూసే యూరోపియన్ కమిషన్‌కీ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కోనసీమలో ఉంటాను. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఫారాలు నింపడం వచ్చుకదా అని మా చుట్టాల్లో, మా వీధిలో ఎవరి పిల్లలు యూరప్‌లో ఉన్నా వాళ్ళ అమ్మానాన్నల వీసా కాగితాల పని నా దగ్గరికే వస్తుంది. కాబట్టి మీ చెక్‌లిస్టులు నాకు బాగానే తెలుసు. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు, పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి, 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు పెట్టకూడదు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు, షెంగెన్ వీసా ఒక్కదానితో తిరగగల 29 యూరప్ దేశాల్లో ఎక్కడ ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే పెట్టాలి. ఇవన్నీ న్యాయమైనవే. వీటి మీద నాకు ఏ పేచీ లేదు. ఇల్లు మీది, ఎవరు రావాలో మీరు చెప్పుకోవచ్చు.

నా పేచీ అంతా ఒక్క దాని మీద. వచ్చిన మనిషి గడువులోగా తిరిగి వెళ్తాడన్న నమ్మకం మాకు కలగలేదు అని వీసా నిరాకరించేటప్పుడు మీరు రాస్తారే, దాని మీద.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మీరు అందరికీ వద్దంటున్నారని కాదు. మీ కమిషన్ వాళ్ళు వేసిన లెక్కలే చూస్తే 2024లో భారత్ నుంచి 11 లక్షలకు పైగా షెంగెన్ దరఖాస్తులు వచ్చాయి, చైనా, టర్కీల తర్వాత మాదే. అందులో ఇంచుమించు లక్షా అరవై అయిదు వేలు తిరస్కరించారు. అంటే ఏడుగురిలో ఒకరికి కాస్త అటూ ఇటూ. మిగతావాళ్ళు హాయిగా వెళ్ళొచ్చారు, ఐఫిల్ టవర్ ముందు ఫొటోలు దిగారు, మాకు చాక్లెట్లు తెచ్చారు. సరే. కానీ ఆ ఏడో మనిషి ఎవరు అని నేను నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో చూస్తే, మా వైపు అది చాలావరకు రైతు, లేదా రైతు భార్య, లేదా భర్త పోయిన పెద్దావిడ. ఐటీ ఉద్యోగికి లీవ్ లెటర్ ఉంటుంది, ఫారం 16 ఉంటుంది, నెలనెలా జీతం పడే ఖాతా ఉంటుంది. రిటైర్డ్ మాస్టారికి పింఛను పుస్తకం ఉంటుంది. వాళ్ళ ఫైలు కట్టడం గంట పని. రైతు ఫైలు కట్టాలంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ వీసా అధికారి ఎప్పుడూ ఆ మనిషిని చూడడు, కాగితాలే చూస్తాడు. కాగితాలు తీసుకునేది బయటి ఏజెన్సీ సెంటర్లో కూర్చున్న కుర్రాళ్ళు, వాళ్ళకి నిర్ణయంతో సంబంధం లేదు.

మీ లిస్టులో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు అడుగుతారు. మా దేశంలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, ఆదాయపు పన్ను చట్టంలోనే అలా రాసి ఉంది. అయిదెకరాల వరిచేను ఉన్న మనిషి జీవితంలో ఒక్క రిటర్ను కూడా వేసి ఉండకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు. ఇక్కడే నా పాత ఉద్యోగం గుర్తొస్తుంది. గోదావరి జిల్లాల్లో రైతు ఖాతా ఎలా ఉంటుందో తెలుసా? ఏడాదిలో రెండుసార్లు డబ్బు పడుతుంది, సార్వా ధాన్యం అమ్మాక ఒకసారి, దాళ్వా ధాన్యం అమ్మాక ఒకసారి. మధ్యలో నెలల తరబడి ఎరువుల కొట్టుకి, కూలీలకి, పెళ్ళికి, ఆసుపత్రికి తీస్తూ తీస్తూ రెండు మూడు వేలకి దిగిపోతుంది. మీరు అడిగే గత కొన్ని నెలల స్టేట్‌మెంటు ఆ పల్లంలో పడితే డబ్బు లేని మనిషి అనుకుంటారు. ధాన్యం డబ్బు పడ్డాక తీస్తే, ఉన్నట్టుండి ఇన్ని లక్షలు ఎక్కడినుంచి వచ్చాయి, వీసా కోసం ఎవరో వేశారు అనుకుంటారు. రెండింట్లో ఏది జరిగినా ఫైలు బలహీనపడ్డట్టే. ఇరవై ఏళ్ళు ఇలాంటి ఖాతాలు చూశాను, అందులో నాకు అనుమానించదగ్గది ఏదీ కనపడదు. మీ అధికారికి కనపడుతుంది, ఎందుకంటే ఆయన చూసే మిగతా ఖాతాలన్నీ నెల జీతాలవి.

కొబ్బరితోట అయితే ఇంకా కష్టం. కాయల దింపు తీయించినప్పుడల్లా వ్యాపారి గట్టు మీదే లెక్కకట్టి చేతికి నగదు ఇస్తాడు. రసీదు ఏమీ ఉండదు. చేను కౌలుకిస్తే మా వైపు చాలాచోట్ల నోటిమాటే, రాతకోతలు ఉండవు. అంచేత ఆ ఇల్లు కళకళలాడుతున్నా కాగితం మీద ఆదాయం సున్నా. ఆస్తి చూపిద్దాం అంటే పట్టాదారు పాసు పుస్తకం, 1బీ, అడంగల్ లాంటి భూమి రికార్డులన్నీ తెలుగులో ఉంటాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ చేయించి పెడతాం. ఎన్నో ఎకరాల మాగాణి, సర్వే నంబర్లతో సహా. ఆ మాగాణి ఎకరం ధర ఎంతో మీ అధికారికి తెలిస్తే ఈవిడ ఇవన్నీ వదిలేసి మా ఊళ్ళో గిన్నెలు కడగడానికి ఆగిపోతుందా అని తనే నవ్వుకుంటాడు. కానీ పాసు పుస్తకం మీద ధర ఉండదుగా.

పైగా మా ఆడవాళ్ళ పేరున ఏమీ ఉండదు. ఇల్లు మామగారి పేరున, పొలం భర్త పేరున, తర్వాత కొడుకు పేరున. ఆవిడ దగ్గర ఉండేది బంగారం, దానికి మీ లిస్టులో గడి లేదు. పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, 1950ల్లో, 60ల్లో పల్లెటూళ్ళో పుట్టిన మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? ఇంటిపేరు చూస్తే ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, కూతురి పుట్టిన సర్టిఫికెట్లో పెళ్ళికి ముందు ఇంటిపేరు. ఈ మూడూ ఒకే మనిషివని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తేవాలి.

వేలిముద్రల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకసారి ఇస్తే 59 నెలలు వాడుకోవచ్చని మీ నిబంధన, మంచిదే. కానీ జీవితమంతా ఊడ్పులు ఊడ్చిన చేతులవి, రేషన్ షాపులో మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా పడనివి. వేలిముద్ర తీయడం సాధ్యం కాని వాళ్ళకి మినహాయింపు ఉందని మీ షెంగెన్ వీసాల చట్టం, అంటే వీసా కోడ్‌లోనే ఉంది. కౌంటర్ దగ్గర ఉన్న పిల్లలకి ఆ సంగతి ఎవరైనా చెబితే బావుండు.

ఇప్పుడు ఒకావిడ సంగతి. మా దూరపు చుట్టం, పిన్ని వరస. ఏ దేశానికి దరఖాస్తు పెట్టిందో రాయను, మీ 29 దేశాల్లో ఒకటి, ఆవిడ మళ్ళీ అక్కడికే పెట్టుకోవాలి కాబట్టి ఆ పేరు నాకు అనవసరం. భర్త లేడు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఊళ్ళోనే ఆవిడ దగ్గరే ఉంటారు. మూడెకరాల కొబ్బరితోట. కూతురు అక్కడ ఉద్యోగం చేస్తోంది, తొలిచూలు. మా దగ్గర తొలికానుపు పుట్టింట్లో జరగాలి. ఉద్యోగం వల్ల పిల్ల రాలేనప్పుడు పుట్టిల్లే అక్కడికి వెళ్ళాలి కదా. పురుడు పోసి, పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల చేసి, పిల్లకి, పసిబిడ్డకి నీళ్ళు పోయడం, కారప్పొడీ పత్యం చూసుకోవడం, మూడో నెల వచ్చేసరికి ఓ తీరుకొస్తారు. మీరిచ్చే 90 రోజులు అందుకు సరిగ్గా అతికినట్టు సరిపోతాయి. ఎవరో మా ఆచారం తెలిసినవాళ్ళే ఆ నిబంధన రాశారేమో అని నేను ఆవిడతో అన్నాను కూడా.

కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి, హైదరాబాద్‌లో ఏజెన్సీ సెంటర్లో కూర్చుని, కాగితాలిచ్చి వచ్చింది. కూతురి గర్భం గురించి డాక్టర్ లెటర్, అల్లుడి ఆహ్వానం, కూతురి జీతం స్లిప్పులు, పాసు పుస్తకం అనువాదం, కొడుకు ఇక్కడే ఉంటున్నాడని రుజువు, ఇన్సూరెన్సు, అన్నీ నేనే వరసగా పేర్చి ఇచ్చాను. పాస్‌పోర్టు కొరియర్‌లో తిరిగొచ్చింది. లోపల వీసా స్టిక్కర్ లేదు, ఒక ఫారం ఉంది. ఆ ఫారంలో తిరస్కరణకి ఉండే కారణాలన్నీ ముందే అచ్చువేసి ఉంటాయి, ఒక్కోదాని పక్కన చిన్న గడి. ఒక గడిలో గుర్తు. వీసా గడువు ముగిసేలోగా మీరు సభ్యదేశాలు విడిచి వెళ్తారన్న విషయంలో సహేతుకమైన సందేహాలున్నాయి. అంతే. ఏ కాగితం చూసి వచ్చింది ఆ సందేహం? పాసు పుస్తకం నమ్మలేదా? భర్త లేడనా? ఖాతాలో డబ్బు తక్కువుందనా, ఎక్కువుందనా? కూతురు అక్కడ ఉంది కాబట్టి అక్కడే ఉండిపోతుందనా? చెప్పలేదు. పిన్ని ఆ కాగితం నా చేతికిచ్చి, నేనేం తప్పు చేశానురా అంది. ఏం చెప్పాలి?

బారసాల ఫోన్‌లో చూసింది. ఆ పసిదానికి ఇప్పుడు మాటలొచ్చాయి.

బ్యాంకులో మేమూ అనుమానించేవాళ్ళమే, ఆ మాటకొస్తే మాకు జీతం ఇచ్చేదే దానికి. కానీ రైతు అప్పు దరఖాస్తు వద్దంటే ఎందుకు వద్దన్నామో ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వచ్చేది. చిన్న రుణాల విషయంలో ప్రధాన కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం కూడా పెట్టింది. గడి మీద టిక్కు కొట్టి ఇస్తే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు, రైతు అసలే ఊరుకునేవాడు కాదు.

ఇక జర్మనీ విదేశాంగ శాఖ వారితో విడిగా ఒక నాలుగు మాటలు.

మా పిల్లల్ని మీరే పిలుస్తున్నారు. సంతోషం. 2023-24 శీతాకాలం సెమిస్టర్ నాటికే మీ యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థులు దాదాపు 50 వేలు, విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ. అందులో మా రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో ఆహెన్‌లోనో, మ్యూనిక్‌లోనో ఉగాదికి ఏ హాలు ముందు నిలబడినా తెలుస్తుంది. 2024 అక్టోబర్‌లో మీ ప్రభుత్వం భారతీయ నిపుణులకిచ్చే వీసాలు ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని ప్రకటించింది. ఆ 90 వేల మందికీ అమ్మానాన్నలు ఉంటారు, ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున. వాళ్ళు ఎప్పుడో ఒకసారి పిల్ల ఎలా ఉందో, ఏం తింటోందో, ఆ చలిలో ఎలా బతుకుతోందో చూద్దామనుకుంటారని మీకు తెలియదని నేననుకోను. మీ చట్టంలోనే, 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నివాస అనుమతి పొందిన నిపుణులు ఖర్చూ ఆరోగ్య బీమా చూపించగలిగితే తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకోవచ్చని కూడా రాశారు. మా వాళ్ళు అది కూడా అడగట్లేదండీ. అడిగినా వెళ్ళరు. మా ఊరి పెద్దవాళ్ళని మూడో నెల దాటి అక్కడ ఉంచడం వాళ్ళ పిల్లల తరం కూడా కాదు. మాట్లాడటానికి మనిషి ఉండడు, గుడి ఉండదు, నాలుగు గంటలకే చీకటి పడుతుంది, ఇక్కడ తోటలో ఎవరు ఏం ఎత్తుకుపోతున్నారో అని ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. టికెట్ తేదీ ముందుకి జరపమని పోరు పెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంకొకటి. పిల్లవాడు అక్కడి విదేశీయుల కార్యాలయానికి వెళ్ళి, 29 యూరోలు కట్టి, జీతం కాగితాలు చూపించి ఒక హామీపత్రం మీద సంతకం చేస్తాడు. మా వాళ్ళు దాన్ని స్పాన్సర్ లెటర్ అంటారు గానీ అది ఉత్త లెటర్ కాదు, అమ్మానాన్నలకి జబ్బు చేసినా, వెనక్కి పంపాల్సి వచ్చినా ఆ ఖర్చంతా వాడే పెట్టుకోవాలి, అయిదేళ్ళ దాకా ఆ బాధ్యత వాడిమీద ఉంటుంది. అది డబ్బుకి హామీ, తిరిగి వెళ్తారనడానికి హామీ కాదు అని మీ అధికారులు చెబుతారు. నిజమే, రెండూ వేరు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అమ్మ వీసా గడువు దాటి ఉండిపోతే ముందుగా ఇబ్బందిలో పడేది ఆ పిల్లవాడే. మీ దేశంలో ఉద్యోగం, నిపుణులకిచ్చే నివాస అనుమతి బ్లూ కార్డు, రేపటి పౌరసత్వం అన్నీ పణంగా పెట్టి ఏ కొడుకు తల్లిని అక్రమంగా ఇంట్లో దాస్తాడు? దీన్ని మించిన గ్యారంటీ ఏ బ్యాంకు స్టేట్‌మెంటులో దొరుకుతుంది?

మీ సొంత కోర్టు మాట కూడా గుర్తుచేస్తాను. 2013 డిసెంబర్‌లో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. జర్మనీ వీసా నిరాకరించిన ఒక ఇరాన్ పౌరుడి కేసు అది, బెర్లిన్ పరిపాలనా కోర్టు నుంచే అక్కడికి వెళ్ళింది. వీసా కోడ్‌లో రాసిన కారణాల్లో ఏదో ఒకటి ఉంటే తప్ప వీసా నిరాకరించకూడదని, మనిషి తప్పకుండా తిరిగి వెళ్తాడని అధికారికి నూటికి నూరుపాళ్ళు రూఢి కానక్కర్లేదని, సహేతుకమైన సందేహం ఉందా లేదా అన్నదే చూడాలని, అది కూడా అతని దేశ పరిస్థితులు, అతని సొంత పరిస్థితులు రెండూ పరిశీలించి తేల్చాలని అందులో ఉంది. సొంత పరిస్థితులు అన్న చోట కొంచెం ఆగండి. మూడెకరాల తోట, పక్కనే ఉన్న కొడుకు సంసారం, ఇవి సొంత పరిస్థితులు కాకపోతే మరేమిటి? వాటిని చూశారో లేదో గడిలో టిక్కు చూసి నాకెలా తెలుస్తుంది?

తెలుసుకునే దారి ఒకటి ఉండేది. జర్మనీ వీసా నిరాకరిస్తే, కారణాలు వివరిస్తూ మళ్ళీ చూడమని అదే కాన్సులేట్‌కి ఒక ఉత్తరం రాయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆ జవాబులో అసలు సంగతి బయటపడేది, ఈ కాగితం స్పష్టంగా లేదు, ఆ తేదీ సరిపోలేదు అని. 2025 జూలై 1 నుంచి దాన్ని ప్రపంచమంతటా ఎత్తేశారు. కొన్ని చోట్ల ప్రయోగంగా ఆపి చూశాం, సిబ్బందికి సమయం మిగిలింది, దరఖాస్తులు వేగంగా కదులుతున్నాయి అన్నారు. మిగిలే ఉంటుంది, కాదనను. ఇప్పుడు మా పిన్నిలాంటి మనిషికి రెండే దారులు. మళ్ళీ మొదటినుంచి ఫీజు కట్టి అవే కాగితాలతో దరఖాస్తు పెట్టడం, లేదంటే నెల లోపు బెర్లిన్ కోర్టులో, జర్మన్ భాషలో, దావా వేయడం. కోనసీమ నుంచి బెర్లిన్ కోర్టుకి! ఏ తప్పు జరిగిందో తెలియనప్పుడు రెండోసారి పెట్టే దరఖాస్తులో ఏం సరిచేయాలి? సమయం మిగలడం అంటారా, అదే ఫైలు మళ్ళీ మీ బల్ల మీదికే వస్తుంది కదా.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, అసలు బాధ అది కాదు కాబట్టి. 2024 జూన్ 11 నుంచి ఫీజు 80 యూరోల నుంచి 90 చేశారు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. పైన ఏజెన్సీ సర్వీస్ చార్జి. వీసా రాకపోతే ఏదీ తిరిగి రాదు. 2024లో తిరస్కరించిన మా దేశపు దరఖాస్తులకి, తలకి 80 యూరోల లెక్కన వేసుకున్నా వంద కోట్ల రూపాయల పైమాటే. వంద కోట్లు తీసుకున్నవాళ్ళు రెండు వాక్యాలు రాసివ్వలేరా అని మాత్రం అడుగుతాను. అపాయింట్‌మెంట్ మామూలుగా రెండు వారాల్లో ఇవ్వాలని మీ కోడ్ చెబుతుంది. వేసవి సెలవుల ముందు స్లాట్ కోసం తెల్లవారుజామున ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లల్ని అడగండి ఏమంటారో. స్లాట్లు అమ్ముకునేవాడొకడు, ఉత్తుత్తి టికెట్ బుకింగ్ కాగితం ఇచ్చి వెయ్యి రూపాయలు పుచ్చుకునేవాడొకడు, ఇదొక చిల్లర వ్యాపారం అయిపోయింది ఇక్కడ.

మా వాళ్ళలో దొంగ కాగితాలు పెట్టేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నకిలీ జీతం స్లిప్పులు, అద్దెకి తెచ్చిన బ్యాంకు బ్యాలెన్సు, కన్సల్టెన్సీల పేరిట బోర్డులు పెట్టుకుని ఇవన్నీ ప్యాకేజీగా అమ్మేవాళ్ళు అమీర్‌పేటలో ఒక వీధి తిరిగితే కనబడతారు. వాళ్ళని పట్టుకోండి, నిషేధించండి, నేను చప్పట్లు కొడతాను. కానీ ఒకటి గమనించండి. దొంగ ఫైలు ఎప్పుడూ మీ చెక్‌లిస్టుకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, దాన్ని చూసే కదా తయారు చేస్తారు. నెలనెలా జీతం, పద్ధతిగా పెరిగే బ్యాలెన్సు, రిటర్నులు, అన్నీ ఉంటాయి. అతుకులు కనబడేది నిజం ఫైల్లోనే.

2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం ప్రత్యేకంగా ఒక సౌకర్యం ఇచ్చారు, మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్ళకి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత అయిదేళ్ళది. పేపర్లో చదివి చాలామంది నాకు ఫోన్ చేశారు. కానీ ఇది ఎవరికి పనికొస్తుంది? తరచూ తిరిగే వ్యాపారులకి, కంపెనీ పని మీద వెళ్ళేవాళ్ళకి, ఏటా టూర్లు వెళ్ళే డబ్బున్నవాళ్ళకి. మనవడు పుట్టినప్పుడు ఒకసారి వెళ్ళి, నాలుగేళ్ళ తర్వాత మనవరాలికి మళ్ళీ వెళ్ళే అమ్మమ్మకి మూడేళ్ళలో రెండు వీసాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆవిడ మొదటిసారి చెప్పిన రోజుకే తిరిగొచ్చినా, రెండోసారి మళ్ళీ మీ సందేహంతోనే మొదలు. పిల్లలు మీ దేశంలో చట్టబద్ధంగా ఉంటున్న తల్లిదండ్రులకి, ఒక్కసారి సరిగ్గా వెళ్ళొస్తే చాలు, ఆ మూడేళ్ళ లెక్క తీసేసి తర్వాతిది దీర్ఘకాలం ఇవ్వండి. ఇందులో మీకు పోయేదేమీ లేదు, పైగా మీ కౌంటర్ల మీద బరువు తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క కూడా మీ చేతిలోనే ఉంది. 2025 అక్టోబర్ 12 నుంచి మీ సరిహద్దుల్లో ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ దశలవారీగా మొదలుపెట్టారు. పాస్‌పోర్టు మీద ముద్ర బదులు మనిషి ఏ రోజు వచ్చాడో, ఏ రోజు వెళ్ళాడో మిషన్ రాసుకుంటుంది. ఎవరు గడువు దాటి ఉన్నారో ఇక ఊహించక్కర్లేదు. మంచి పని, మాకు అభ్యంతరం లేదు, పైగా నేను దానికోసమే ఎదురుచూస్తున్నాను. అరవై దాటి, పిల్లల్ని చూడటానికి వచ్చిన భారతీయ తల్లిదండ్రుల్లో ఎంతమంది గడువులోగా తిరిగి వెళ్ళారో ఆ లెక్క తీసి బయటపెట్టండి. నూటికి ఎంతమంది ఉండిపోయారో చూద్దాం. నా అంచనా నాకుంది. అంకె మా మీదికి వస్తే నేను నోరు మూసుకుంటాను. మీ మీదికి వస్తే మాత్రం ఆ గడిలో టిక్కు కొట్టేముందు మీ అధికారులు ఆ అంకె ఒకసారి చూడాలి.

మీ దేశం నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళకి మేం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టుకునే ఈ-వీసా ఇస్తున్నాం. ఎత్తిపొడవడానికి అనట్లేదు. మా దేశం నుంచి మీ దేశానికి వచ్చేవాళ్ళ సంఖ్య వేరు, పరిస్థితులు వేరు, అది నాకు తెలుసు.

నేను అడిగేవి చిన్నవి. తిరస్కరిస్తే ఏ కాగితం చాలలేదో, ఎందుకు చాలలేదో ఆ మనిషి ఫైలుకి సంబంధించిన రెండు వాక్యాలు రాయండి. తిరస్కరించే ముందే, సందేహం ఉంటే, ఫలానా కాగితం పంపండి అని ఒక మెయిలు పెట్టండి, అదనపు పత్రాలు అడగడానికి, అవసరమైతే ఇంటర్వ్యూకి పిలవడానికి మీ కోడ్‌లో ఎప్పటినుంచో వీలుంది. 15 రోజుల గడువు 45 దాకా పొడిగించుకునే హక్కు కూడా మీకుంది, అందులో ఒక వారం దీనికి వాడండి. వీడియోలో పది నిమిషాలు మాట్లాడండి, దుబాసీని మేమే కూర్చోబెడతాం, మా పిన్నితో పది నిమిషాలు మాట్లాడినవాడెవడూ ఆవిడ తన తోట వదిలి ఉండిపోతుందని అనుకోడు. రైతులకి నెల జీతం లిస్టు కాకుండా వేరే లిస్టు ఇవ్వండి, రెండు పంటల ఏడాది స్టేట్‌మెంటు, పాసు పుస్తకం, రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ భూమి విలువ పత్రం, ఊళ్ళో ఉన్న కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చాలు అని అందులో రాయండి, అవి తెచ్చి పెట్టే పూచీ మాది. జర్మనీ వారు ఆ మళ్ళీ చూడమనే ఉత్తరం పద్ధతిని అందరికీ కాకపోయినా, మొదటి వరస బంధువుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ వరకైనా తిరిగి పెట్టండి.

2023 నవంబర్‌లో మీరు వీసాలన్నీ డిజిటల్ చేసే చట్టం తెచ్చారు కదా, 29 దేశాలకీ ఒకే ఆన్‌లైన్ వేదిక, స్టిక్కర్ బదులు బార్‌కోడ్. అది ఇంకా తయారవుతూనే ఉంది. అందులో నిరాకరణ పేజీ డిజైన్ చేసేవాళ్ళకి ఈ లేఖ ఒక కాపీ పంపండి. గడి కింద అధికారి కారణం టైపు చేసే చోటు పెట్టి, అది ఖాళీగా ఉంటే ఫైలు మూసుకోకుండా చేయమనండి. పిన్ని కొత్త దరఖాస్తు కోసం ఈసారి సార్వా డబ్బు, దాళ్వా డబ్బు రెండూ కనబడేలా పన్నెండు నెలల స్టేట్‌మెంటు తీయిస్తున్నాను. పక్కన ఏది ఏ పంట డబ్బో ఇంగ్లీషులో రాసి పెడుతున్నాను.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి